ముప్ఫై ఒకటో కవరు

పెద్ద డాక్టరు చెయ్యి చాపితే, అడగకముందే కావలసిన పనిముట్టు అందులో ఉంటుంది. ఇరవై రెండేళ్లుగా అంతే. అందుకే ఆపరేషన్ గదిలో ఆ నర్సును అందరూ రెండో చెయ్యి అంటారు.

ఆ ఏడాది డాక్టరు ఒక పోలిక మొదలుపెట్టాడు. రొమ్ము తీసే ఆపరేషన్లలో చర్మం వరకు ఎవరికైనా కత్తే. లోపల మాత్రం కొందరికి కత్తి, కొందరికి కరెంటుతో కాల్చి కోసే పెన్ను. ఎవరికేదో అంటించిన కవర్లో ఉంటుంది. ఆ కవరు కూడా కత్తులతోపాటే ఆవిరిలో ఉడికి వస్తుంది. చర్మం కోశాక రెండో చెయ్యి దాన్ని విప్పి పైకి చదవాలి. కత్తికి నెత్తురు ఎక్కువ పోవడం ఆమె చూసింది. పెన్ను వచ్చినవాళ్లకు గాయంలో పెట్టిన గొట్టంలోంచి సీసాలోకి రోజుల తరబడి నీరు కారడమూ చూసింది. ఏది మేలో ఇంకా తేలలేదు.

ముప్ఫై ఒకటో కవరు ఆమె సొంత అక్కది.

అక్క దర్జీ. పోలికకు ఒప్పుకుని సంతకం పెట్టింది. ఆపరేషన్‌కు ముందురోజు మధ్యాహ్నం వార్డులో చెల్లెలి మణికట్టు పట్టుకుంది.

"నైలాన్ గుడ్డ అంచు కాలిస్తే పోగులు రావు. నూలు గుడ్డయితే మసైపోతుంది. నేను నైలానా, నూలా? చెప్పవే."

"నువ్వు గోనెపట్టావి. దేనికీ లొంగవు."

అక్క నవ్వలేదు. "ఇస్త్రీపెట్టె మీద పడ్డప్పట్నుంచీ నాకు కాలడమంటే భయమే. కవర్లో ఏమున్నా కత్తి అనే చదువు. ఎవరు చూడొచ్చారు?"

"సరేలే, పడుకో." అంది చెల్లెలు.

మర్నాడు, బల్ల మీద ఉన్నది అక్క కాబట్టి, డాక్టరు చెల్లెలిని బయట ఉండమన్నాడు.

"నా చేతులు వణకవు సార్."

ఆమె చేతులు కడుక్కుని బల్ల పక్కకొచ్చి నిలబడింది.

చర్మం కోయడం అయింది. కవరు విప్పింది. ఆవిరికి ముడతలు పడ్డ కాగితం మీద ఒకే మాట: కరెంటు.

డాక్టరు చెయ్యి చాపాడు. మొదటిసారి ఆ చెయ్యి ఖాళీగా ఉండిపోయింది.

"ఏంటమ్మా?"

కత్తి అనేస్తే చాలు. ఆ అబద్ధం వెళ్లి పోలిక లెక్కల్లో ముప్ఫై మంది ఆడవాళ్ల సీసాల పక్కన కూర్చుంటుంది.

"కరెంటని ఉంది సార్. అక్క నిన్న మనసు మార్చుకుంది. కత్తే కావాలంది. పొద్దున్నే చెప్పాల్సింది... భయపడ్డాను."

డాక్టరు మత్తులో ఉన్న అక్క వైపు తల తిప్పాడు.

"అయితే ఈమెను పోలికలోంచి తీసెయ్యండి. కత్తివ్వు. తిట్లు తర్వాత."

ఇచ్చింది. నెత్తురు ఊరింది. అద్దిన గాజుగుడ్డలు ఒక్కొక్కటే ఎర్రబడి బకెట్లో పడుతున్నాయి. తొమ్మిది. పది. ఇన్నాళ్లూ కవరు చెప్పిందే ఇచ్చింది. ఇది తను నోరు తెరిచి ఇప్పించిన కత్తి. పదకొండు.

సాయంత్రం అక్క కళ్లు తెరిచింది.

"ఏదే?"

"కత్తే."

అక్క నిశ్చింతగా మళ్లీ కళ్లు మూసుకుంది.

చెల్లెలు మంచం పక్కన సీసా ముందు చతికిలబడింది. ఎరుపు మొదటి కొలతగీత దాటింది. రెండో గీత మీద వేలు పెట్టి, కదలకుండా కూర్చుంది.