కీర్తన బాణీలో స్పానిష్ క్రియలు

పోయిన ఆదివారం మధ్యాహ్నం, పోర్ట్ బ్లెయిర్ పక్కన గరాచర్మలో మా ఇంటి ముందు గదిలో కూర్చుని పేపరు చూస్తున్నవాణ్ణి, వంటింట్లో కొబ్బరి తురుముతూ మనవరాలు పాడుతున్న పాట చెవిన పడి, చదువుతున్న వాక్యం మధ్యలోనే ఆగిపోయాను. మాటలు స్పానిష్ భాషవి. బాణీ మాత్రం, మా చిన్నప్పుడు డిగ్నాబాద్‌లో ప్రతి ఆదివారం తెలుగు ఆరాధన ముగిసే ముందు అందరం లేచి నిలబడి పాడిన కీర్తనది. చర్చి గడప తొక్కడం మానేసి ఒక జీవితకాలమైంది. అయినా మొదటి చరణం సగం కాకముందే నా కాలి బొటనవేలు నేలమీద తాళం వేస్తోంది. దానిమీద నాకు అధికారం లేకపోవడం చూసి నాకు ఒళ్ళు మండింది.

ఆ పాట దానికి ఎక్కడినుంచి వచ్చిందో అడగక్కర్లేదు. సిప్పీఘాట్‌లో వక్కతోట మధ్య ఇల్లు కట్టుకుని ఉంటున్న మా బావ దగ్గరనుంచి వచ్చింది. బావంటే మా మేనత్త కొడుకు, నా భార్యకు స్వయానా అన్న; అందువల్ల అతన్ని మా ఇంట్లో ఒక్క మాట అనడానికి లేదు. మనవరాలు హేవ్‌లాక్ దీవిలో పర్యాటకులను సముద్రం లోపలికి తీసుకువెళ్ళి చూపించే డైవింగ్ పని నేర్చుకుంది. అక్కడొక కేంద్రంవారు స్పానిష్ మాట్లాడే యాత్రికుల కోసం మనిషిని వెతుకుతున్నారని, స్పెయిన్‌లో ఉండే యజమానురాలు ఫోనులో మాట్లాడి చూసి తీసుకుంటుందని తెలిసి, ఆ ఉద్యోగం మీద ప్రాణం పెట్టుకుంది. మొదట నా దగ్గరే కూర్చుంది. క్రియల గుట్టంతా విప్పి చెప్పాను. ఆ తరువాత ఒక ఆదివారం పొద్దున్నే బస్సెక్కి సిప్పీఘాట్ వెళ్ళింది, ఇక ప్రతి ఆదివారం వెళ్తూనే ఉంది. ఎందుకని అడిగితే నవ్వుతూ చెప్పింది.

"నువ్వు రూలు చెప్తావు తాతా, బడే తాత మాట చెప్తాడు. ఫరక్ హై నా."

ఆ ఫరక్, ఆ తేడా, నాకు దాని తల్లి పుట్టకముందే తెలుసు.

మన ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, పోర్ట్ బ్లెయిర్‌లో కొత్త ఓడ ఏదైనా కనబడితే పనులు మానుకుని జెట్టీకి పరుగెత్తిన రోజులు. మెయిన్‌లాండ్ నుంచి ఓడ వస్తేనే ఉత్తరాలు, ఓడ వస్తేనే ఉల్లిపాయలు, నేను తెప్పించుకునే హేతువాద పత్రికలు కూడా ఉల్లిపాయల వాసనతోనే వచ్చేవి. మా నాన్నగారి అన్న, మా పెదనాన్న, విశాఖపట్నం వైపునుంచి వచ్చి ఓడల్లో చేరి, దక్షిణ అమెరికా రేవుల్లో ఏళ్ళు గడిపి, అక్కడి నావికులతో కలిసి తిని తిరిగి ఆ భాష పట్టుకొచ్చిన మనిషి. పని విరమించాక డిగ్నాబాద్‌లో తెలుగు సంఘానికి పెద్దగా ఉండేవారు. ఆరాధన అయ్యాక ఇంటి వరండాలో నాకూ బావకూ స్పానిష్ చెప్పేవారు. ఆరాధనకు బావ వెళ్ళేవాడు. నేను వరండాలో కూర్చుని అది ఎప్పుడు ముగుస్తుందా అని ఎదురుచూసేవాణ్ణి. కాలేజీ చదువు ముగించుకుని, నలుగురు స్నేహితులతో దేవుడి మీద వాదనలు పెట్టుకుని తిరుగుతున్న కాలం అది.

పెదనాన్నకు ఒక అలవాటు ఉండేది. ఏది కంఠతా రావాలన్నా దానికి కీర్తన బాణీ కట్టేవారు. సంఘంలో పిల్లలకు బైబిలు వచనాలు అలాగే నేర్పారు, ఓడలో సరుకుల పేర్లు తానే అలాగే నేర్చుకున్నారట, స్పానిష్ క్రియలు కూడా అలాగే. వెతకడం అనే క్రియకు గతకాలం చెప్పాలంటే తల పైకెత్తి, కళ్ళు మూసుకుని, బుస్కే, బుస్కాస్తే, బుస్కో, బుస్కామొస్, బుస్కారొన్ అని, చివరి మాటను ఆమెన్ అన్నంత సాగదీసి పాడేవారు. చేరుకోవడానికి ఒక చరణం, తాకడానికి ఒక చరణం, మొదలుపెట్టడానికి ఒక చరణం. మొండి క్రియలన్నీ ఒకే కీర్తనలో ఇమిడిపోయేవి.

మొండి క్రియలు అనడానికి కారణం ఉంది. ఆ భాషలో కొన్ని క్రియలకు, కాలం మారగానే మధ్యలో ఒక అక్షరం మారిపోతుంది. నోటితో పలికితే ఏ తేడా ఉండదు, రాస్తేనే చిక్కు. 'సి' అనే అక్షరం పక్కన 'ఎ' ధ్వని వచ్చిందంటే అది 'స' అని పలుకుతుంది. పాత 'క' ధ్వని నిలవాలంటే 'సి'ని దించేసి 'క్యు', 'యు' అనే రెండు అక్షరాలను ఎక్కించాలి. చేరుకోవడం అనే క్రియలో 'గ' ధ్వని కోసం ఒక 'యు'ని అదనంగా తెచ్చి కూర్చోబెట్టాలి. అందులోని న్యాయం చూసి నేను ముగ్ధుణ్ణయ్యాను. ఊరికే మారడం కాదు, మారకుండా నిలబడవలసిన దాన్ని కాపాడటం కోసం మారడం. ఇంత చక్కని కారణం ఉన్నప్పుడు దాన్ని మనసుకు ఎక్కించుకోవాలి గాని, చిలకలా పాడటం ఏమిటని నా అభ్యంతరం. నేను పాడనన్నాను. పాడితే అది ప్రార్థన అవుతుందన్నాను. రాగం ఉంటే అబద్ధమైనా గొంతులోకి సులువుగా దిగుతుందనీ, మతాలన్నీ పాటను పట్టుకునేది అందుకేననీ ఆ వరండాలో ఉపన్యాసం ఇచ్చాను. పెదనాన్న కోప్పడలేదు. తల నిమురుకుంటూ ఒక్క మాటన్నారు.

"అబద్దానికేనేటి రాగం? నిజానికి రాగం కట్టకూడదని ఎవడు చెప్పేడ్రా నీకు?"

 దానికి జవాబు తరువాత తోచింది, ఎన్నో వ్యాసాల్లో రాశాను కూడా, కాని అప్పటికి ఆయన లేరు.

మా బావకు ఈ గొడవలేవీ పట్టలేదు. అతను స్పానిష్‌ను తెలుగు అక్షరాల్లో రాసుకునేవాడు. మన అక్షరాల్లో 'క' ఎప్పుడూ 'క'యే కనక, అతని కాగితం మీద ఏ అక్షరమూ మారేది కాదు, ఆ భాషలో అలాంటి చిక్కు ఒకటి ఉందని కూడా అతనికి తెలియదు. నేను రోమన్ లిపిలో తప్పు లేకుండా రాసి పెదనాన్నకు చూపిస్తే ఆయన మెచ్చుకునేవారు. బావ నిలబడి పాడితే ఆయన కూడా గొంతు కలిపేవారు. ఈ రెండింటికీ ఎంత తేడా ఉందో మీరే చెప్పండి. మెచ్చుకోవడం ఎవరినైనా మెచ్చుకోవచ్చు. గొంతు కలపడం తన మనిషితోనే.

ఇంతలో ఒక విదేశీ జంట నడుపుకుంటూ వచ్చిన తెరచాప పడవ, అడుగున ఎక్కడో నీరు ఊరుతోందని మా రేవుకు చేరింది. భార్యాభర్తలిద్దరికీ స్పానిష్ తప్ప మరొకటి రాదు. విదేశీ నౌకల పనులు చూసే ఒక ఏజెంటు ఆఫీసు నుంచి పెదనాన్నకు కబురొచ్చింది. ఆయనకు జ్వరం, గొంతు పూర్తిగా పోయింది. మా ఇద్దరినీ పంపారు. ఆ ఆఫీసులో పరదేశీ నావికులతో మాట్లాడగల కుర్రవాడి కోసం చూస్తున్నారని మాకు ముందే తెలుసు. ఆ ఉద్యోగం నాకు కావాలి. బావకు కావాలో వద్దో నాకు తెలియదు. నాకు మాత్రం ఎంత కావాలో ఇప్పుడు చెప్పినా నవ్వుతారు. ఈ దీవి గట్టుమీద నిలబడి వచ్చే ఓడల్నీ పోయే ఓడల్నీ చూస్తూ పెరిగినవాణ్ణి, ఒక్కసారి వాటి లోపలినుంచి ఒడ్డును చూడాలని.

జెట్టీ మీద నిలబడ్డాం. పడవ యజమాని తలపాగాలా తువ్వాలు చుట్టుకుని, అలసిపోయి, మా ముఖాలకేసి చూస్తున్నాడు. మరమ్మతు చేసే మేస్త్రీ ఒకటే అడగమన్నాడు, నీరు ఎక్కడినుంచి వస్తోందో మీరు ఎక్కడెక్కడ వెతికారు అని. నేను నోరు తెరిచాను. వెతకడం, గతకాలం. పెద్దవాడు, నువ్వు అనకూడదు, మీరు అనాలి. అక్కడ మర్యాదకు వేరే రూపం ఉంది. ఆ రూపంలో అక్షరం మారుతుందా, మారదా. మారదు, ఎందుకంటే పక్కన 'ఒ' ధ్వని కనక. ప్రతి మెట్టూ సరిగ్గానే ఎక్కుతున్నాను. మూడో మెట్టు మీద ఉండగా నా పక్కనుంచి పాట మొదలైంది. మా బావ తల పైకెత్తి, కళ్ళు మూసుకుని, అచ్చంగా పెదనాన్నలా, బుస్కే, బుస్కాస్తే అని కీర్తన ఎత్తుకుని, కావలసిన మాట దగ్గరికి రాగానే టక్కున ఆపి, ఆ మాటను పట్టుకుని ప్రశ్న వేసేశాడు. "డోన్‌దే బుస్కో?"

పడవ ఆవిడ ముందు బిత్తరపోయి, తరువాత కడుపు పట్టుకుని నవ్వి, చప్పట్లు కొట్టి, జవాబును కూడా పాటలాగే లాగుతూ చెప్పింది. ఆ తరువాత ప్రతి క్రియకూ అదే వరస. మాట కావాలంటే బావ మొదటినుంచి పాడుకుంటూ రావాలి, అక్కడికి చేరితే ఆగాలి. అతను ఒక్కో చరణం ఎత్తుకున్నప్పుడల్లా జెట్టీ మీద హమాలీలు కూడా పని ఆపి వినేవారు. ఏజెంటు ఆఫీసు పెద్దాయన, హిందీ మాట్లాడే మనిషి, గుమాస్తాతో అన్న మాట నా చెవిన పడింది.

"వో గానేవాలే కో రఖ్ లో."

ఆ పాడేవాణ్ణి పెట్టుకోండి అని. నాకేసి చూసి, మంచివాడే, "బేటా, తుమ్ భీ అచ్ఛా జాన్‌తే హో" అన్నాడు. బాగా తెలిసినవాణ్ణని ఒప్పుకున్నాడు. తెలిసినవాణ్ణి కనకే ఒడ్డున ఉండిపోయి హైస్కూల్లో పంతులునయ్యాను. బావ ఆ ఆఫీసునుంచి ఓడల్లోకి వెళ్ళాడు, పెదనాన్న చూసిన రేవులన్నీ చూశాడు. వచ్చినప్పుడల్లా మా వరండాలో కూర్చుని ఆ ఊళ్ళ సంగతులు చెబుతుంటే ఇల్లంతా అతని చుట్టూ చేరేది, నా పెళ్ళాంతో సహా. నేను లోపల వ్యాసం రాసుకుంటున్నట్టు నటిస్తూ ప్రతి మాటా వినేవాణ్ణి. అసూయ అనేది అజ్ఞానంలోంచి పుడుతుందని వేదికల మీద చెప్పాను. నాకున్న అసూయకు మాత్రం కారణాలన్నీ వరసగా తెలుసు, తెలిసినా ఒక్క వీసం తగ్గలేదు.

మొన్న సోమవారం ఆ ఫోను వచ్చింది. మనవరాలు ముందు గదిలోనే, నా కుర్చీకి ఎదురుగా, ఫోనును పుస్తకాల దొంతరకు ఆనించి కూర్చుంది. మంచినీళ్ళు తాగింది, జుట్టు సవరించుకుంది. తెర మీద ఆ కేంద్రం యజమానురాలు సన్నగా, దయగా ఉంది. పలకరింపులు బాగానే గడిచాయి. అప్పుడావిడ, సముద్రంలోకి దిగడం ఎప్పుడు మొదలుపెట్టావు అని అడిగింది. మనవరాలు నోరు తెరిచి ఆగిపోయింది. ఆ ఆగడం ఎలాంటిదో నాకు తెలుసు. జెట్టీ మీద నేను నిలబడ్డ చోటే నిలబడింది పిల్ల, నేను నేర్పిన మెట్లే ఎక్కుతోంది, మొదలుపెట్టడం అనే క్రియలో 'జెడ్' దిగి 'సి' ఎక్కుతుందా అని. దాని కళ్ళు నాకేసి తిరిగాయి. నాకు సూత్రం తెలుసు. చెప్పడానికి వీల్లేదు, చెప్పినా పనికిరాదు.

అప్పుడు నా ముక్కులోంచి, పెదవి విప్పకుండా, ఆ కీర్తన ఎత్తుగడ బయటికి వచ్చింది. చర్చి మానేశాక మొదటిసారి. మనవరాలి ముఖం విప్పారింది. "ఎంపెసే" అంది, మొదలుపెట్టాను అని, ఆ తరువాత ఆగలేదు. చిన్నప్పుడు కార్బిన్స్ కోవ్ అలల్లో మునిగిన కబుర్ల దగ్గరనుంచి ఏవేవో చెప్పుకుపోయింది. ఆవిడ నవ్వుతూ వింది. వచ్చే నెల నుంచి రమ్మంది.

ఫోను పెట్టేసి అది నన్ను కావలించుకుంటుందనుకున్నాను. కావలించుకుంది కూడా. వెంటనే సిప్పీఘాట్‌కి ఫోను కలిపింది.

"బడే తాతా, హో గయా! నీ పాటే పని చేసింది. తాత గుర్తుచేశాడు."

అవతల బావ ముసలి నవ్వు గదంతా వినబడింది. నాకు ఫోను ఇమ్మని అతను అడిగితే తీసుకున్నాను. "ఏటి బావా, ఆకరికి కీర్తన పాడేవంట," అన్నాడు. పాడలేదు, మూలిగానన్నాను. "ఏ చరణం?" అన్నాడు. మొదలుపెట్టడం అన్నాను.  ఆ చరణం పెదనాన్నకు ఇష్టమైనదన్నాడు. నాకు తెలియదు. గొంతు కలిపినవాడికే ఆ సంగతి చెప్పి ఉంటారు.

రాత్రి భోజనాల దగ్గర మనవరాలిని అడిగాను, ఆ బాణీ ఏమిటో తెలుసా అని. స్పెయిన్ పాట కదా అంది. కాదని చెప్పబోయి ఊరుకున్నాను. డిగ్నాబాద్ సంఘంలో ఇప్పుడు పిల్లలకు తెలుగు కీర్తనలను హిందీ లిపిలో అచ్చువేసి ఇస్తున్నారట, తెలుగు చదవడం రాక. మా ఇంట్లో ఆ మాత్రం కూడా లేదు. దేవుణ్ణి గడప దాటనివ్వకుండా జీవితమంతా కాపలా కాశాను, ఆ వాదనలో నేను గెలిచాను. ఈ రోజు ఈ వీధిలో నాతో వాదించడానికి నమ్మేవాడు కూడా దొరకడం లేదు, ఉన్నవాళ్ళకు తీరిక లేదు. ఆ గెలుపు గురించి రాసినవన్నీ అటక మీద ఉన్నాయి. వాటిలో ఒక్క పేజీ కూడా నా మనవరాలు చదవలేదు. ఆ అక్షరాలు దానికి రావు. బావ ఏమీ రాయలేదు. పెదనాన్న గొంతునుంచి తీసుకుని దాని గొంతులో పెట్టాడు.

పాత్రలు సర్దుతూ అది మళ్ళీ పాడుతోంది. నేను పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని వింటున్నాను. చివరి మాటను సాగదీయడం దానికి ఇంకా సరిగ్గా రాలేదు. పెదనాన్న దాన్ని ఎలా సాగదీసేవారో, బావ తరువాత, ఈ దీవిలో నా ఒక్కడికే తెలుసు.