అక్తర్ ఇచ్చిన గొంగడి

జనగామలో కుట్టు మిషన్లూ, కిరోసిన్ స్టవ్వులూ బాగుచేసే అక్తర్‌కు జాతర వచ్చిందంటే కాలు నిలిచేది కాదు. దుకాణానికి తాళం వేసి, బుడగల చెక్కనూ గాలి తుపాకినీ రైలెక్కించేవాడు. వెంట భార్య గౌసియా బేగం. బుడగలు ఊది కట్టడం ఆమె పని. తుపాకిని పొగుడుకోవడం ఆయన పని.

ఆ పొగడ్త మామూలుది కాదు. గొట్టంలో గోలీ ఎట్లా నడుస్తుందో అడిగినవాళ్లకూ చెప్పేవాడు, అడగనివాళ్లకూ చెప్పేవాడు. గొట్టం వదులైతే గాలి పక్కల నుంచి జారిపోతుందట. గోలీ ఆ గోడకూ ఈ గోడకూ కొట్టుకుంటూ వచ్చి, చివర ఏ గోడ నెడితే అటే పోతుందట. బిగుతైతే లోపలే ఇరుక్కుంటుంది, కాబట్టి వెంట్రుకంత సందు ఉండాలి. ఈ పాఠం ముగిసి తుపాకి ఎప్పుడు చేతికొస్తుందా అని జనం పడిగాపులు పడేవాళ్లు.

చెక్క మీద మందమైన నల్ల గొంగడి పరిచి, దాని మీద బుడగలు కట్టేవాళ్లు. సీసం గోలీ బుడగను పేల్చి, గొంగడిలో కూరుకుని కింద రాలిపోయేది. ఇరవై ఏళ్లలో ఎవరికీ గీత కూడా పడలేదు.

రెండువేల తొమ్మిది చలికాలంలో జనగామలో తెలంగాణ కోసం దీక్షా శిబిరం వేశారు. గౌసియా రోజూ వెళ్లి కూర్చునేది. శిబిరం కాపలా చూసే ముసలాయన భద్రయ్య చలికి వణుకుతుంటే ఆమెకు మనసాగలేదు. అక్తర్‌ను అడిగి గొంగడి తీసుకెళ్లి కప్పింది. ఆయనా సంతోషంగానే ఇమ్మన్నాడు.

బందులతో హైదరాబాద్ నుంచి సీసం గోలీలు రావడం ఆగిపోయింది. ఆట తుపాకుల్లో వేసే గుండ్రటి ప్లాస్టిక్ గోలీలు మాత్రం దొరికాయి. అక్తర్ ఊరుకునే మనిషా? పాత గొట్టం తీసి, ఆ గోలీలకు సరిపోయే ఇత్తడి గొట్టం బిగించాడు. లోపల పైభాగాన సైకిల్ వాల్వు రబ్బరు ముక్క అతికించాడు. ఆ ముక్క గోలీ నెత్తిని ఒరుసుకుంటే, గోలీ వెనక్కి గిర్రున తిరుగుతూ తిన్నగా పోతుంది. నెల రోజులు ఇదే పని. గోలీ తేలిక, స్ప్రింగు సీసం గోలీని నెట్టే పాతదే, వేగం చూసి ఆయనే మురిసిపోయాడు.

శివరాత్రికి కురవి జాతరకు వెళ్లారు. పొద్దున్నే చెక్క నిలబెడుతూ, గొంగడి లేదు కదా, గోనెసంచి కడతానంది గౌసియా. అక్తర్ నవ్వాడు. దూదంత బరువు లేని ప్లాస్టిక్ గోలీకి గోనె ఎందుకని వద్దన్నాడు.

ఆమె ఒక పక్కన చివరి బుడగ కడుతూ ఉంది. జరగమని చెప్పకుండానే ఆయన రెండో పక్కకు మొదటి గోలీ పేల్చాడు. అనుకున్నట్టే తిన్నగా పోయింది. బుడగ పగిలింది. వెనక చెక్కలో మేకు తల ఉంది. దానికి తగిలి గోలీ పక్కకు మళ్లింది. గౌసియా కుడికన్ను మూసుకుని మెల్లగా కింద కూర్చుంది.

గొట్టం లోపల గోలీ చేసే ప్రతి పనీ ఎరిగిన మనిషికి, బయటికొచ్చాక అదేం చేస్తుందో చూసుకోవాలని తోచలేదు. వరంగల్ దవాఖానకు తీసుకుపోయినా చూపు దక్కలేదు.

చూడవచ్చిన వాళ్లందరికీ గౌసియా ఒకటే చెప్పేది, గొంగడి తానే ఇచ్చేశానని. అక్తర్ పక్కనే ఉండి నేల చూసేవాడు. జాతరంతా వినబడేట్టు మాట్లాడిన ఆ నోరు అప్పుడు పెగల్లేదు. పిరికితనం కాకపోతే ఏమిటది? తుపాకిని మూటకట్టి అటక మీద పడేశాడు. మళ్లీ ఏ జాతరకూ పోలేదు. ఒంటికన్నుతో దూరం అంచనా దొరకక గౌసియా పోసే చాయ్ కప్పులో కాక పక్కన పడేది. ఆయన కప్పును ధార కిందికి జరిపేవాడు. నాలుగేళ్లు అట్లాగే గడిచాయి.

రాష్ట్రం వచ్చింది. జనగామలో పటాకులు కాల్చిన రెండో రోజు, భద్రయ్య గొంగడి ఉతికి మడతపెట్టి తెచ్చాడు. మిఠాయి పొట్లం గౌసియా చేతిలో పెట్టి కండ్లు తుడుచుకున్నాడు.

"గిది నేను కప్పుకోకుంటే నీ కన్ను నీకుండేది బిడ్డా."

"నేనే ఇచ్చిన గద బాపు. నువ్వేం జేస్తవ్," అంది గౌసియా.

ఆ ముసలాయన కూడా ఇన్నేళ్లూ ఆ బరువు మోస్తున్నాడని అక్తర్‌కు అప్పుడే తెలిసింది. ఇక ఓర్చుకోలేకపోయాడు.

"గొంగడితోని కాలేదు పెద్దనాయినా. గోనెసంచి కడ్తనన్నది. నేనే వద్దన్న. ఆమెను జరగమని సుత చెప్పలే."

గౌసియా భర్త వైపు తిరిగింది.

"నాకు యాదికున్నది," అంది. "ఎవరడిగినా నీ ముంగటనే నా మీదేసుకున్న. ఒక్కపారన్న కాదంటవేమోనని."

గొంగడిని ఒళ్లోంచి తీసి పక్కన పెట్టి, భద్రయ్యకు చాయ్ పోయడానికి లేచింది. సగం చాయ్ కప్పులో కాక పక్కన పడింది. అక్తర్ చెయ్యి చాపాడు గానీ, కప్పును జరపడానికి ధైర్యం చాలలేదు.