బాడీ ఒక్కటే తెమ్మన్నాను

ఆ రోజుల్లో, అంటే రీళ్ళు కడిగే చీకటి గదులు ఒక్కొక్కటే మూతపడి స్టూడియోల్లోకి కంప్యూటర్లు వచ్చి కూర్చుంటున్న రోజుల్లో, వనపర్తి నుంచి గద్వాల దాకా జరిగే పెళ్ళిళ్ళలో సగం నేనే చేస్తున్నానని నా నమ్మకం. (పెళ్ళికొడుకులు వేరే ఉండేవాళ్ళు, ఆ సంగతి నేను పెద్దగా పట్టించుకునేవాణ్ణి కాదు.) పంతులు సైతం తాళి కట్టించే ముందు నా మొహం కేసి చూసేవాడు. నేను ఊ అంటేనే బాజాలు మోగేవి. ఇంత అధికారం చెలాయించే మనిషి చేతిలో ఉన్న కెమెరా మాత్రం డిజిటల్ కెమెరాల్లో ఒకటో తరగతిది. కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం చేసిన చిన్న ప్రాణి. పందిట్లో కాస్త మసక వెలుతురు ఉందంటే దానికి ఫోకస్ దొరికేది కాదు. తలంబ్రాలు పోసేటప్పుడు నేను మీట నొక్కితే అది ముందుకూ వెనక్కూ వెతుక్కుని, బియ్యం పెళ్ళికూతురి నెత్తి మీంచి జారి చాప మీద పడ్డాక తీరిగ్గా 'టక్' మనేది. చీకటి ఎక్కువైతే ఫోటో నిండా రవ్వ పోసినట్టు గింజలు. 'ఏందయ్యా, మా పిల్లకు అమ్మవారు పోసినట్టు తీసినవ్?' అని గద్వాలలో ఒక పెళ్ళికూతురి మేనత్త అడిగిన రోజున, ఇక లాభం లేదు, పెద్ద కెమెరా కొనాల్సిందే అని తీర్మానించుకున్నాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కెమెరా వాళ్ళ భాషలో ముందరి లెన్సు ఊడదీస్తే మిగిలే మొండాన్ని 'బాడీ' అంటారు. పాత కెమెరా లెన్సులు కొత్తదానికీ సరిపోతాయి కాబట్టి నాలాంటివాడు మొత్తం సెట్టు కొనక్కర్లేదు, బాడీ ఒక్కటే కొంటే చాలు. ఆ మాట నాకు భలే నచ్చింది. 'కెమెరా కొంటున్నా' అంటే ఎవడైనా అంటాడు, 'బాడీ మారుస్తున్నా' అంటే పనితనం తెలిసినవాడని అర్థం. సందర్భం ఉన్నా లేకపోయినా వాడేసేవాణ్ణి. గద్వాల చీరల అంగట్లో బాడీ అంటే చీర నడిమి నేత, లారీలు బాగుచేసే చోట బాడీ అంటే ఇంకొకటి. మా ఆత్మకూరులో నలుగురు కూర్చున్న చోట, అందులోనూ దవాఖాన మాటతో కలిపి వింటే, ఆ మాటకు అర్థం ఒక్కటే. ఆ ఒక్కటే నాకు తట్టలేదు.

సరిగ్గా అప్పుడే మా తాతకు కిడ్నీలో రాయి తేలింది. ఆపరేషన్‌కు మా నాయన ఆయన్ని హైదరాబాదు దవాఖానకు తీసుకుపోయాడు. మూఢం వచ్చేస్తోందని ముహూర్తాలన్నీ ఒకదాని మీద ఒకటి పడడంతో నేను పోలేకపోయాను. వచ్చేటప్పుడు బాడీ తెమ్మని మాత్రం నాయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. తాత పోతూ పోతూ ఒక షరతు పెట్టాడు: 'తెలకపల్లి దానికి మాత్రం చెప్పకుండ్రి.' తెలకపల్లిది అంటే ఆయన సొంత చెల్లెలు, మాకు తెలకపల్లి అవ్వ. అవ్వ కొడుకు పెళ్ళిలో అన్నగా తాత ఒడిబియ్యం పోసి చీర పెట్టాలి. గద్వాల చీర వస్తోందని అవ్వ ఊరంతా చెప్పుకుంది. తాత మిల్లు చీర పట్టుకుపోయాడు. ఆ ఏడు వానలు లేక పంట ఎండిపోయిందని తాత వాదన. గద్వాలకు ఇంత దగ్గరలో ఉండి గద్వాల చీర దొరకలేదా అని అవ్వ వాదన. 'దీనికన్న గోనెసంచి మెత్తగుంటది' అని అవ్వ, 'అయితే అదే కట్టుకో' అని తాత. అంతే, పలకరింపులు బంద్. ఏళ్ళు గడిచిపోయాయి. ఎవరి పండక్కు వాళ్ళు, ఎవరి జ్వరానికి వాళ్ళు. వీళ్ళిద్దరూ ఒక మాటైనా అనుకోకుండానే ఎవరో ఒకరు దాటిపోతారేమోనని మా నాయనకు లోపల ఒకటే బెంగ. ఆపరేషన్ అనేసరికి ఆ బెంగ ఇంకా పెరిగింది.

రాయి తీసేశారు, తాత కులాసా. ఇంటికి పంపించే రోజు పొద్దున నేను వనపర్తిలో ఆత్మకూరు బస్సెక్కాను. నాయన ఫోన్ చేశాడు. బస్సు చప్పుడు, సిగ్నల్ వచ్చీ రాకుండా. నేను గొంతు పెంచి మాట్లాడాల్సి వచ్చింది. ముందు సీట్లో మా రేడియో మామ కూర్చుని ఉన్నాడన్నది నేను చూసుకోలేదు. (ఆయన అసలు పేరు ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. ఏ వార్తైనా ఆయన నోటి నుంచే మొదలవుతుంది.) ఆయనకు వినిపించింది నా మాటలు మాత్రమే. వాటిని ఉన్నవి ఉన్నట్టు కింద పెడుతున్నాను, మామ తప్పెంతో మీరే చెప్పండి.

'ఆఁ నాయినా, ఏమైంది? ... బాడీ దొరికిందా? ... బిల్లు కట్టినంకనే ఇస్తరంట, కట్టి తీస్కరా ... ఏ, బాడీ ఒక్కటే సాలు, మిగిలిందంత ఈడ నేను చూస్కుంట ... బస్సు మీద ఎయ్యనియ్యకు నాయినా, కుదుపులకు ఖరాబైతది. జర మెల్లగ ఒళ్ళె పెట్టుకొని తీస్కరా ... సరే, పొద్దు గూకకముందే రాండ్రి.'

ఫోన్ పెట్టేసి నేను కిటికీలోంచి చూస్తూ ఈల వేసుకున్నాను. మామ మెల్లగా వెనక్కి తిరిగి, కళ్ళనిండా నీళ్ళతో నా చెయ్యి పట్టుకున్నాడు. 'అల్లుడా, ధైర్యంగుండాలె. పెద్దపానం గదా' అన్నాడు. భుజాన ఉన్న పాత కెమెరాను ఆ రోజే అమ్మేస్తున్నందుకు ఇంత సానుభూతి చూపిస్తున్నాడని నేను పొంగిపోయాను. 'ఏం చేస్తం మామా, పాతది ఎన్నొద్దులని ఉంచుకుంటం, పోనియ్యాలె' అన్నాను. మామ నా చెయ్యి వదిలేశాడు. ఆత్మకూరులో దిగడం దిగడమే రూపాయి ఫోన్ డబ్బా కాడికి పరుగు తీశాడు. నేను పాత కెమెరాను కొన్నవాడికి అప్పజెప్పడానికి అటునుంచి అటే గద్వాల పోయాను.

మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చేసరికి మా అరుగు నిండా మనుషులు. మెడలో తువ్వాళ్ళు వేసుకుని, తలలు వంచుకుని కూర్చున్నారు. తాతను చూడ్డానికి ఇంతమంది వచ్చారా అని నా గుండె ఉప్పొంగింది. లోపల మా అమ్మ, తన మామగారు వస్తున్నారని కోడికూర వండుతోంది, ఆ వాసన వీధి దాకా వస్తోంది. వచ్చినవాళ్ళందరికీ నవ్వుకుంటూ చాయ్ పంచింది కూడా. వాళ్ళు ఆ గ్లాసులు ముట్టుకోకుండా ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. పక్కింటి పెద్దమ్మ నన్ను పక్కకు లాగి, 'మీయమ్మకు మతి తప్పినట్టుంది బిడ్డ. గిసుంటి దినాన కోడేందని అడిగితే, మా మామకు ఇష్టమంటుంది' అంది. ఇష్టమే కదా, అందులో మతి తప్పడానికి ఏముందో నాకు అర్థం కాలేదు.

అప్పుడే సందు మొదట్లోంచి ఒక గొంతు లేచింది. ఆటో దిగి, చెప్పులు ఎక్కడ వదిలేసిందో ఏమో, తెలకపల్లి అవ్వ వట్టి కాళ్ళతో రొమ్ము బాదుకుంటూ వస్తోంది. మా పాలమూరు ఆడవాళ్ళ ఏడుపులో మాటలుంటాయి. మనసులో ఉన్నదంతా ఆ మాటల్లోనే బయటపడుతుంది. 'ఓ అన్నా... నా అన్నా... నువ్వు పెట్టిన చీరె ఇసిరికొడితినే అన్నా... చీరెదేముందే, చినిగిపోయేది, నీతోని మాట బంద్ చేస్తినే అన్నా... గిప్పుడు నేనెవనితోని కొట్లాడాలె అన్నా...' అరుగు మీది ఆడవాళ్ళు ఇంతసేపూ దేనికోసం ఆగారో ఆ మాట అంది ఆవిడ. అందరూ ఒక్కసారి ఘొల్లుమన్నారు.

తాత పోయాడా? పొద్దున నాయన బాడీ గురించే మాట్లాడాడు గానీ తాత ఎట్లా ఉన్నాడో చెప్పనే లేదు, నేనూ అడగలేదు. పనిమీద ఉన్నానని నా దగ్గర దాచారా? నాయనకు ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్. ఇంకేముంది, నేనూ అవ్వను పట్టుకుని భోరుమన్నాను. నన్ను చూసి రేడియో మామ, అప్పటిదాకా ఏ మూలనో ఉన్న అనుమానం కూడా తీరిపోయి, ఇంకా గట్టిగా ఏడ్చాడు. ఆ వార్త పుట్టించింది నేనే, దాన్ని నమ్మి అందరికంటే ఎక్కువగా ఏడ్చిందీ నేనే. అమ్మ గరిటె పట్టుకుని బయటికి వచ్చి, 'ఏమైంది? ఎవలు పోయిండ్రు?' అని ఏడుపుల మీంచి అరుస్తోంది.

ఆ గోలలో ఇంకో ఆటో వచ్చి ఆగింది. ముందు నాయన దిగాడు. తర్వాత, దారంతా ఒళ్ళో పెట్టుకొచ్చిన అట్టపెట్టెను చంటిపిల్లను పట్టుకున్నట్టు పొదివి పట్టుకుని మా తాత దిగాడు. ఏడుపులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. తాత అరుగు నిండా ఉన్న జనాన్ని చూసి నిజంగానే కంగారుపడి, 'అయ్యో, ఎవలు పోయిండ్రు రా?' అన్నాడు. రేడియో మామ నా మీదికి వచ్చాడు. 'నువ్వే గదా అల్లుడా, బాడీ ఒళ్ళె పెట్టుకొని తెమ్మంటివి!' నేను ముక్కు తుడుచుకుంటూ తాత చేతిలోని పెట్టెను చూపించాను. 'గిదే మామా బాడీ.' మామ ఆ పెట్టె వంక, తాత వంక మార్చి మార్చి చూసి, 'మరి దానికి పేరు పెట్టెటోనికన్న బుద్ధుండొద్దా' అని తువ్వాలు దులుపుకున్నాడు.

తెలకపల్లి అవ్వ మాత్రం కదల్లేదు. పోయినవాళ్ళ మీద కప్పడానికి కొత్త బట్ట తేవడం మాలో ఆచారం. అవ్వ చంకలో ఒక కొత్త పంచె ఉంది, పెద్ద జరీ అంచుది. దాన్ని కొంగు చాటుకు దాచబోయింది గానీ తాత కళ్ళబడింది. పెట్టె నాకిచ్చి దగ్గరికి వెళ్ళి, ఆ పంచెను చేత్తో తడిమి చూశాడు. 'మంచిగనే ఉందే చెల్లె. నేను బతికున్నన్ని దినాలు గింత మంచిది ఎన్నడు తేకపోతివి' అన్నాడు. అవ్వ అన్నయ్య చేతిమీద ఒక్కటేసింది. 'నీకు రాయి తీసిండ్రు గాని నోరు తియ్యలేదా?' అంది. ఆ తర్వాత ఇద్దరూ అరుగు మీద పక్కపక్కన కూర్చుండిపోయారు. నాయన మొహం అవతలికి తిప్పుకున్నాడు. ఆయన కళ్ళు తుడుచుకోవడం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు.

ఇది కదా ఫోటో తీయాల్సిన సమయం! గబగబా పెట్టె విప్పి బాడీకి లెన్సు తగిలించి, ఫోటోలెక్కే చిప్పు, అదే నా దగ్గరున్న మెమరీ కార్డు తీశాను. దూరలేదు. ఇటు తిప్పాను, అటు తిప్పాను. పై తరగతి కెమెరా గదా, దానికి కార్డు కూడా వేరేది కావాలట. ఇంతకింత లావుది. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. పాత కెమెరాను పొద్దున్నే ఇచ్చేసి వచ్చాను. తల వంచుకుని, చిప్పు హైదరాబాదు నుంచి రావాలని చెప్పాను. అవ్వ నా వంకా, అన్నయ్య వంకా చూసింది. 'అయితే చిప్పొచ్చినంక మళ్ళొస్త తియ్' అంది. కోడికూర అందరికీ సరిపోదని మా అమ్మ నీళ్ళు పోసి పులుసు చేసింది.

చిప్పు వచ్చింది, అవ్వా వచ్చింది. నాకున్న విద్యంతా చూపించి అన్నాచెల్లెళ్ళను తీశాను. వెంట్రుకకు వెంట్రుక కనపడేంత స్పష్టంగా వచ్చింది. అవ్వ దాన్ని దూరం పెట్టి చూసి, 'కండ్లు మూసినట్టున్న గదరా, మళ్ళొకటి తియ్యాలె' అంది. ఈసారి వచ్చినప్పుడు ఫ్లాష్ మార్చి తీశాను. 'మొఖం నల్లగొచ్చింది' అంది. తాత కూడా ఫోటో పట్టుకుని, 'అవును, నా మీసం ఒక్కదిక్కే వచ్చింది' అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అంత పెట్టి కొన్న కెమెరాలో లోపముందేమోనని అమ్మినవాడితో ఫోన్లో పోట్లాడాను. పొద్దున వెలుతురులో, సాయంత్రం వెలుతురులో, పెరట్లో, అరుగు మీద తీశాను. ఆ బాడీలో ఎన్ని మీటలున్నాయో అన్నీ నేర్చుకున్నది మా అవ్వను మెప్పించడానికే. ఒక్కసారైనా మెచ్చుకోలేదు. ఎప్పుడూ ఏదో ఒక వంక, 'మళ్ళొస్త' అన్న మాట.

ఈ మధ్య ఆ ఫోటోలన్నీ వరసగా పెట్టుకుని చూశాను. ఒక్కదాంట్లో కూడా అవ్వ కళ్ళు మూసుకుని లేదు. మొహం నల్లగా లేదు. తాత మీసం రెండు వైపులా బ్రహ్మాండంగా ఉంది. బాగుందని ఒప్పుకుంటే మళ్ళీ రావడానికి పనేముంటుందని అవ్వకు తెలుసు, తాతకూ తెలుసు. రేడియో మామకు కూడా తెలిసే ఉంటుంది. తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే. ఒక ఫోటోలో మాత్రం, ఎవరో నా చేతిలోంచి కెమెరా లాక్కుని తీసినట్టున్నారు, అన్నాచెల్లెళ్ళిద్దరూ ఏదో చెప్పుకుని పడీ పడీ నవ్వుతున్నారు. వాళ్ళ వెనక మొహం మాడ్చుకుని, ఎక్కడ తప్పు జరిగిందా అని లెన్సును గుడ్డతో తుడుస్తూ నేను.