మెట్టుగూడ మేడ మీద మబ్బు, రెండు తాళ్ళ బట్టలు

హన్మకొండలో పెళ్ళికార్డులు, ఫ్లెక్సీలు చేసే షాపులో నేను డిజైనర్‌ని. రోజూ ఆకాశాలతోనే పని. నాయకుడి పుట్టినరోజైతే తల వెనక నీలాకాశం, గృహప్రవేశమైతే గులాబీరంగు సాయంత్రం, సంతాపమైతే బూడిదరంగు మబ్బు. అన్నీ కంప్యూటర్లో రెడీమేడ్‌గా ఉంటాయి, లాగి అతికించడమే. మొన్న మా ఓనరు వచ్చి, "మేడమ్, ఈ సారుకు జెర మంచి ఆకాశం పెట్టుండ్రి" అన్నాడు. పెట్టాను. పెట్టాక ఎందుకో ఏడుపొచ్చింది. ఒకప్పుడు నీటిరంగులతో నా మబ్బులు నేనే వేసుకునేదాన్ని. ఇప్పుడు అసలు చేతనవుతుందా అన్న భయం పట్టుకుంది. ఇంట్లో వేద్దామంటే, నేను బ్రష్ ముట్టుకోగానే కుక్కర్ కూత పెడుతుంది. ఆషాఢం వచ్చింది, పెళ్ళిళ్ళు లేవు, షాపులో ఈగలు తోలుకుంటున్నాం. ఇదే అదనని నెల సెలవడిగి, సికింద్రాబాద్‌లో తెలిసినవాళ్ళ ద్వారా మేడ మీద ఒక గది వెతికాను. "ఆదివారం పోయి ఆ గదిలో ఒక్క మబ్బు ఏసి చూస్త. చెయ్యి ఆడితే గది తీస్కుంట. ఆడకపోతే రాత్రికి ఇంటికొచ్చి రంగులడబ్బా పక్కింటి పిల్లలకిచ్చేస్త" అని మా ఆయనతో గొప్పగా చెప్పాను. చెప్పాక రంగులడబ్బా సంచీలోంచి రెండుసార్లు బయటికి తీసి మళ్ళీ పెట్టాను.

కాజీపేటలో ఉదయం ఆరున్నర ప్రాంతంలో బండెక్కితే తొమ్మిదికల్లా సికింద్రాబాద్‌లో దిగొచ్చు. జనరల్ టికెట్ వంద రూపాయల లోపే. దారి పొడుగునా కిటికీలోంచి పైకే చూశాను. మబ్బన్నది లేదు. స్టేషన్ కొత్తగా కడుతున్నారు కాబట్టి బయటికొచ్చే దారి మారుతూ ఉంటుంది, పోర్టర్లను అడగడమే మేలు. ఇంటి యజమానురాలు చర్చి నుంచి వచ్చేసరికి పన్నెండు దాటుతుందని చెప్పారు. అంతదాకా ఊరికే కూర్చుంటే భయం ఇంకా ముదురుతుందని, స్టేషన్ ఎదురుగా రెండు ఇడ్లీలు మింగి బన్సీలాల్‌పేట్ మెట్లబావికి ఆటో మాట్లాడుకున్నాను. నూటయాభై అన్నాడు, వందకు వచ్చాడు.

"ఏందక్కా అది, టీవీనా?" అని నా సంచీ వైపు చూపించాడు.

"కాదన్నా, బొమ్మలేసే చెక్క. మబ్బుల బొమ్మలేస్త."

డ్రైవరు తల బయటికి పెట్టి పైకి చూశాడు. "మొగులే లేదు గదక్కా! ఇయ్యాల ఎండ దంచుతది."

నా ప్రాణం సగం అక్కడే పోయింది.

మెట్లబావి మాత్రం చూడవలసిందే. పైమెట్టు మీద కూర్చుంటే రాతిమెట్లన్నీ కిందికి దిగి నీళ్ళలో కలుస్తాయి, ఆ నీళ్ళలో ఆకాశం కనిపిస్తుంది. ఆ ఆకాశం వేద్దామని కాగితం తడిపాను. నీలంలో మట్టిరంగు కలిసి అంతా బురదయింది. బావి చూడ్డానికొచ్చిన ఒక పెద్దావిడ నా భుజం మీదుగా వంగి, "ఇందుల బాయి ఏదమ్మా?" అని అడిగింది. నవ్వాను కానీ, ఆ కాగితాన్ని మడిచి సంచీ అడుగున దాచేశాను.

మెట్టుగూడలో ఇంటి యజమానురాలు రిటైరైన టీచరు. అందరూ గ్రేస్ టీచర్ అంటారు. అమ్మానాన్నల కాలంలో గుంటూరు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం. మూడో అంతస్తు డాబా మీద ఒకే ఒక్క గది, ఒక బల్ల, ఒక నవారు మంచం, లాలాగూడ వైపు తెరుచుకునే పెద్ద కిటికీ. ఎదురుగా రైల్వే క్వార్టర్ల చెట్లే తప్ప అడ్డు లేదు. నేను నోరు తెరిచేలోపే టీచర్ షరతు చెప్పేశారు.

"చూడమ్మా, కింద రెండు పోర్షన్ల వాళ్ళ బట్టలూ, నా బట్టలూ ఈ డాబా మీదే ఆరతాయి. మబ్బు పట్టిందంటే పైనున్న మనిషే అందరివీ తీయాలి. ఇది మా ఇంటి పద్ధతి. నీకన్నా ముందున్న అమ్మాయి హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొత్తం తడిపేసింది, ఖాళీ చేయించాను. సాయంత్రం ఆరింటికల్లా ఏదో ఒకటి చెప్పు, ఇంకొకతను అడుగుతున్నాడు."

ఆదివారం కదా, రెండు తాళ్ళూ నిండుగా ఉన్నాయి. పొద్దున చర్చికి కట్టుకెళ్ళిన తెల్లచీర కూడా టీచర్ అప్పుడే తడిపి ఆరేశారు. తర్వాత గిన్నెలో బగారన్నం, కోడికూర తెచ్చి పెట్టారు. అంత కమ్మటి కూర కూడా నాకు సరిగ్గా దిగలేదు. మూడయ్యేసరికి ఇంకో రెండు కాగితాలు పాడుచేశాను. మా ఆయన ఫోన్ చేసి, "కాకపోతే వచ్చెయ్, ఏం ఫికర్ చెయ్యకు" అన్నాడు. మంచికే అన్నాడు పాపం. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

నాలుగు దాటాక గాలి ఆగిపోయింది. తల ఎత్తి చూద్దునుగదా, లాలాగూడ మీదుగా వంకాయరంగు మబ్బు లేస్తోంది. నా వెనక పడమట ఎండ ఇంకా ఉంది, ఆ ఎండ పడి మబ్బు అంచులు పసుపు పూసినట్టు వెలుగుతున్నాయి. అబ్బ, ఏం ఆకాశం! బల్లను డాబా మీదికి లాక్కొచ్చి కాగితం తడిపి రంగు పెట్టాను. పారింది! నేను అనుకున్నచోటికే పారింది. సంతోషంతో నాలో నేనే ఏదో అరిచాను కూడా.

తడి మీద రంగు పారుతున్నప్పుడు ఓ ఐదు నిమిషాలు చేయి తీయకూడదు. తీస్తే అంచులు గట్టిపడి మబ్బు ముక్కలైపోతుంది. సరిగ్గా అప్పుడే గాలి లేచింది. తాళ్ళ మీద బట్టలు టపటపా కొట్టుకున్నాయి. చేతి మీద ఒక చినుకు పడింది. ఒక్క నిమిషం, ఒక్క నిమిషం అనుకుంటూనే ఇంకో గీత లాగాను. కింద పోర్షన్‌లో ఉండే లక్ష్మి గొంతు మెట్లలోంచి వినిపించింది.

"అక్కా! బట్టలు! మా ఆయన డ్యూటీ డ్రెస్సక్కా, రేపు పొద్దుగాల వర్క్‌షాపుకు ఏస్కపోవాలె!"

ఏడుపు ముంచుకొచ్చింది. ఇన్నాళ్ళకు కుదిరిన మబ్బది. వదిలితే బొమ్మ పోతుంది, వదలకపోతే గది పోతుంది, పైగా లక్ష్మి వాళ్ళాయన రేపు తడిబట్టలతో డ్యూటీకి వెళ్ళాలి. బ్రష్ పడేసి పరుగెత్తాను. క్లిప్పులు పీకి, చేతికందినవి అందినట్టు భుజాన వేసుకుని గదిలో కుమ్మరించాను. రెండో విడతకు లక్ష్మి కూడా వచ్చింది. ఆఖరి దుప్పటి లోపలికి లాగేసరికి వాన దబదబా కొట్టింది. బయట బల్ల మీద నా మబ్బు కారిపోయి తెల్ల కాగితం మిగిలింది.

దానికి ఏడవడానికి కూడా తీరిక దొరకలేదు. మంచం మీద కుప్పలో టీచర్ తెల్లచీర కనిపించింది, దాని మీద నా ఐదు వేళ్ళూ నీలంగా అచ్చుపడి ఉన్నాయి. చేతులకు రంగుందన్న ధ్యాసే లేదు నాకు. అప్పుడే టీచర్ గొడుగేసుకుని పైకొచ్చారు. దాచే వీల్లేదు. చీర ఎత్తి చూపించాను.

"టీచర్‌గారూ, నా చేతి రంగే. పోతదో లేదో తెల్వదు. కొత్త చీర కొనిస్త."

ఆవిడ చీర వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశారు.

"తెల్లబట్టలకు నేను ప్రతి ఆదివారం నీలిమందు పెడతాను" అన్నారు. "ఈ వారం నువ్వు పెట్టావు, కాస్త ఎక్కువైంది. అయినా నీ బొమ్మ ఏదీ?"

బయటికి చూపించాను. టీచర్ ముఖం చిన్నబోయింది. లక్ష్మి మాత్రం తడిజుట్టు తుడుచుకుంటూ, "గంత పరేషాన్ ఎందుకక్కా? ఇంకోటి ఎయ్యి. మొగులు గాడనే ఉన్నది గదా" అంది.

నిజమే, అక్కడే ఉంది. చెడిపోవలసింది ఎలాగూ చెడిపోయింది, ఇక భయపడ్డానికి మిగిలిందేముంది? గుమ్మంలో కింద కూర్చుని చెక్క ఒళ్ళో పెట్టుకున్నాను. వాళ్ళిద్దరూ మంచం మీద బట్టలు మడతపెడుతూ పచ్చిమిర్చి ధర గురించి మాట్లాడుకుంటున్నారు. నన్నెవరూ చూడలేదు, నేనూ ఎవరినీ చూడలేదు. మొదటిదంత బాగా రాలేదు. కింది మూల కాస్త తేలిపోయింది. కానీ పైన వాన మోసుకొస్తున్న ఆ బరువు కాగితం మీదికి దిగింది. లక్ష్మి చేతిలో చొక్కా అట్లాగే పట్టుకుని నిలబడిపోయింది. "అరే, అచ్చం గట్లనే ఉన్నదక్కా!" అంది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను, కళ్ళు తుడుచుకుంటే ముఖమంతా నీలమైంది. ఆరు కాగానే టీచర్ గడియారం చూసుకుని, "ఏమ్మా, ఏం చెప్తావు?" అన్నారు.

ఇలాంటి ప్రయాణం పెట్టుకున్నవాళ్ళకు ఒక మాట. ఏకాంతంగా ఒక గది దొరికితే చాలు, భయం పోయి చేయి దానంతటదే ఆడుతుందని నేననుకున్నాను. అలాగేం కాదు. ఖాళీ గదిలో నా భయం ఇంకా పెద్దదైంది. నలుగురి బట్టలు వచ్చి మీద పడ్డాక, నా గురించి నేను ఆలోచించడం మానేసిన ఆ కాసేపట్లోనే బొమ్మ వచ్చింది. భయం పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. పొద్దున్నే కాగితం తడపాలంటే, ఇప్పటికీ కడిగిన బ్రష్‌నే మళ్ళీ కడుగుతూ కూర్చుంటాను.

ఇక పనికొచ్చే సలహా. స్టేషన్ పక్కనుంచి మెట్రో ఎక్కితే మెట్టుగూడ తర్వాతి స్టాపే. బోనాల ఆదివారం మాత్రం రాకండి, దారులు మళ్ళిస్తారు. గది చూడ్డానికి పొద్దున కాకుండా మధ్యాహ్నం నాలుగు దాటాక వెళ్ళండి, ఆ కిటికీకి ఎంత ఆకాశం వస్తుందో అప్పుడే తెలుస్తుంది. అయితే గ్రేస్ టీచర్‌గారి డాబా మీది గది మాత్రం అడక్కండి. అది ఖాళీ లేదు.