గుక్కెడు తీర్థం గొంతు దిగక

ఆ శనివారం పొద్దున దీపం పెట్టి, ఉద్ధరిణెతో తీర్థం నోట్లో పోసుకున్నాను. పెదవి చివర నుంచి కారి రవికె తడిసింది. చెయ్యి వణికిందనుకుని మళ్లీ పోసుకున్నాను. మళ్లీ కారింది. తీర్థం ఒలకబోశానే అని దేవుడి ముందు సిగ్గుపడ్డానే తప్ప, నాకేదో అయిందని తట్టలేదు.

మా కోడలు సునీత చాయ్ తెచ్చి, నన్ను చూసి గ్లాసు కింద పెట్టేసింది.

"అత్తమ్మా, నీ మూతి ఒక్క దిక్కు గుంజింది. ఏది, జర నవ్వు."

నవ్వాననే అనుకున్నాను. ఆమె ఏడుస్తూ మా ఆయనను కేకేసింది.

సిద్దిపేట దవాఖానలో సీటీ స్కాన్ తీశారు. "స్ట్రోక్ అమ్మా. జల్ది తెచ్చిన్రు, మంచిదైంది" అన్నారు డాక్టర్. ఆ జల్దికి సునీతకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. కుడి చెయ్యి, కాలు పడిపోయినా ప్రాణంతో ఇంటికొచ్చాను. కవిత మేడమ్ అనే ఫిజియోథెరపిస్ట్ ఇంటికే వచ్చి చెయ్యీ కాలూ ఆడించేది. మెల్లగా గోడ పట్టుకుని నిలబడ్డాను.

కానీ నీళ్లు తాగితే దగ్గు. మాట్లాడితే గొంతులో నీళ్లున్నట్టు గరగర. మా దగ్గర మంచంపట్టిన మనిషికి పల్చటిదే పోస్తాం. నాకూ గంజి, మజ్జిగ, కొబ్బరినీళ్లు పోశారు. దగ్గిన కొద్దీ ఇంకొన్ని నీళ్లు కలిపి ఇంకా పల్చగా చేశారు. చూడవచ్చిన ప్రతి ఒక్కరూ "పల్చగ తాగు, అదే దిగుతది" అనేవారు. నేనూ అదే నమ్మాను.

బడికి పోయినదాన్ని కాదు నేను. బాపు ఇంట్లోనే పలక మీద దిద్దించిన అక్షరాలతో భజన పాటలు చదువుకుని, మా గల్లీ ఆడవాళ్లకు ముందుపాట ఎత్తుకునేదాన్ని. ఆ భజన వాళ్లే ఒకరోజు ప్రసాదం, తీర్థం తెచ్చారు. నా స్నేహితురాలు రాజవ్వ తన చేత్తో తీర్థం నోట్లో పోసింది. ఒక్కసారిగా దగ్గు ఎగదన్నింది. తీర్థం, చొంగ అన్నీ ఆమె మొహం మీద, కొత్త చీర మీద పడ్డాయి. రాజవ్వ "ఏం కాదు తీ" అని మొహం తుడుచుకుంది. ఆమె ఓర్పే నన్ను ఎక్కువ కాల్చింది. ఆనాటి నుంచి ఎవరొచ్చినా పడుకుందని చెప్పమన్నాను. మెడకు తువాల కట్టుకుని, గోడ వైపు తిరిగి తినేదాన్ని.

తర్వాత చలిజ్వరం, ఆయాసం. మళ్లీ దవాఖాన. "మీరు తాగేటియి కడుపుల కాదు, ఊపిరితిత్తులల్ల పోతున్నయ్. ఆస్పిరేషన్ న్యుమోనియా" అన్నారు డాక్టర్. ముక్కులోంచి కడుపులోకి తిండి పోసే పైపు, రైల్స్ ట్యూబ్ అంటారు, అది వేశారు.

"పైపు ఎప్పుడు తీస్తరు సార్?" మా ఆయన అడిగారు.

"మింగుడు మళ్ల వస్తే. రాకపోతే కడుపుకే పైపు పెట్టాలె."

పాట పోయింది, నోటి రుచి పోయింది, ఇక తీర్థం కూడా పైపులోనేనా అని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

ఈ మింగుడు మీరే నేర్పించమని సునీత కవిత మేడమ్‌ను బతిమాలింది. ఆమె తల అడ్డంగా ఊపింది.

"నేను చదివింది చేతులు, కాళ్ల గురించి వదినా. మింగుడు స్పీచ్ థెరపిస్టుల పని. అందులో కూడా పీజీ చేసి, పేషెంట్ల మీద చెయ్యి తిరిగినోళ్లు చూడాలె. మన దిక్కు నాకు తెలిసి ఎవ్వరు లేరు. తెల్వని పని చేసి అమ్మను ఖరాబు చెయ్యను."

తెలియదని చెప్పినందుకు ఆమెను ఇప్పటికీ తలుచుకుని దండం పెడతాను.

హైదరాబాద్ పోయాం. అక్కడి స్పీచ్ థెరపిస్ట్ తెల్లటి మందు కలిపినవి ఒక్కో చెంచా మింగిస్తూ, ఎక్స్‌రేలో సినిమాలాగా చూపించింది. చిక్కటిది మెల్లగా సరైన దారిన దిగింది. నీళ్లలాంటిది సర్రున ఊపిరి దారిలోకి జారింది. మా ఆయన మొహం పాలిపోయింది.

"పల్చటిదే మంచిదని మేమే పోసినం గదమ్మా."

"అందరు గట్లనే పోస్తరు పెద్దనాయినా. చెప్పెటోళ్లు లేకపాయె."

మా సిద్దిపేటలో మీవంటి వాళ్లు ఎందుకు లేరని గరగర గొంతుతో అడిగాను. "డిగ్రీల దీన్ని పుస్తకంల చదివినమమ్మా. మనిషి పక్కన కూసొని నేర్సుకున్నది పీజీలనే. గా సీట్లు కొన్నే ఉంటయ్, చదివినోళ్లం పట్నంలనే ఆగిపోతం" అందామె, కొంచెం తల దించుకుని.

చిక్కటి జావ చెంచాతో, గడ్డం ఛాతీకి ఆనించి మింగడం నేర్పింది. కొన్నాళ్లకు పైపు తీశారు. అంతలోనే గజ్వేల్‌లో చుట్టాల ఇంట్లో పంక్తిలో కూర్చున్నాను. అందరి ముందు చెంచా తీయడానికి నామోషీ అనిపించి మామూలు నీళ్లే తాగాను. మళ్లీ జ్వరం, మళ్లీ పైపు. మొదటిసారి తెలియక, ఈసారి సిగ్గు వల్ల.

పైపు మళ్లీ తీసి చాలా కాలమైంది. మెత్తటి అన్నం తింటున్నాను. మళ్లీ పరీక్ష చేశాక, తల వంచి కొద్దికొద్దిగా నీళ్లు తాగనిచ్చారు. పెదవి ఇంకా కొంచెం వంకరే. కొత్తవాళ్ల ముందు చెయ్యి దానంతటదే నోటికి అడ్డం పోతుంది. కవిత మేడమ్ తన ఫిజియోథెరపీలోనే పీజీ ఎంట్రన్స్‌కు చదువుతోంది. ఆ బిడ్డ చదివి ఇక్కడికే రావాలని దేవుడికి నా మొక్కు. మా వంటి ఊళ్లకూ పెద్ద చదువుల అవసరం ఉందని నా గొంతే నాకు నేర్పింది.

మొన్న శనివారం భజనకు పోయాను. రాజవ్వ తీర్థం చెంబు పట్టుకుని నా ముందు ఆగింది. నా చెయ్యి నోటికి అడ్డం పోయింది.

"ఏందే, భయమా? ఇయ్యాల పాత చీరే కట్టుకొచ్చిన. తాగు!"

అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. నవ్వు ఆగేదాకా ఆగి, గడ్డం ఛాతీకి ఆనించి మింగాను. దగ్గు రాలేదు.

నేను చెప్పగలిగింది ఒక్కటే. పక్షవాతం వచ్చిన మీ మనిషి తాగేటప్పుడు దగ్గితే, గొంతు గరగరలాడితే, పల్చటిదైనా చిక్కటిదైనా మీ అంతట మీరు పోయకండి. నాకు నేర్పింది కూడా పరీక్ష లేకుండా చేయించకండి. మింగే పరీక్ష ఎవరు చేస్తారని డాక్టర్‌ను ఆ రోజే అడగండి.