తెరుచుకున్న అద్దం

తొంభైల నాటి మాట. ప్లాస్టిక్ ముక్కల కిట్ కొని నేను అతికించిన యుద్ధవిమానం బొమ్మను చేత పట్టుకుని ధర్మవరంలో ప్యాసింజరు రైలు ఎక్కాను. కిట్‌లో పైలట్ తలమీది అద్దం మూసే ఉంటుంది. నేను దాన్ని బ్లేడుతో కోసి, సన్న తీగ పెట్టి తెరుచుకునేలా మార్చాను. ఆ గొప్ప ఎదుటి సీట్లోని పెద్దామెకు చెప్పుకున్నాను.

"అట్లనా? ఏదీ, తెర్సు నాయనా."

తెరిచాను. ఆమె లోపలి పైలట్ బొమ్మను గోటితో పెకిలించేసింది.

"ఏం చేస్తాండావమ్మా!" అని అరిచాను.

ఆ బొమ్మను కొంగున ముడేసుకుంది.

"మా పిల్లోడు నడిపిన విమానం కూలినప్పుడు ఈ అద్దం తెర్సుకోలేదు నాయనా."

పెనుకొండలో దిగిపోయింది.

ఆ అద్దాన్ని నేనింతవరకూ మూయలేదు.