బానెట్ మీద ఎర్ర మరక

నా చిన్నప్పుడు మా ఇంట్లో పొద్దున్నే నాకంటే ముందు నీళ్ళు పోసుకునేది కారు. మీగడ రంగు అంబాసిడర్. ప్రొద్దుటూరులో లేత్ షాపు నడిపిన మా తాత జీవితంలో కొన్న ఒకే ఒక్క కారు అది. నాకు ఊహ తెలిసేసరికే దానికి పాతికేళ్ళు దాటాయి. ఇంజను రెండుసార్లు దించారు, సీట్లు ఒకసారి మార్చారు, టైర్లు ఎన్నిసార్లు మార్చారో తాతకే గుర్తులేదు. మారనిది రంగు ఒక్కటే. దాన్ని ఆయన "కంపెనీ రంగు" అనేవాడు. మళ్ళీ కొట్టించిన రంగు ఎంత మెరిసినా అది అరువు తెచ్చుకున్న మెరుపేనని ఆయన నమ్మకం.

పాత రంగు పలచగా ఉంటుంది. ఇప్పటి కార్లకు ఉన్నట్టు దాని మీద కాపలాకు ఇంకో పూత ఉండదు. గట్టిగా తుడిస్తే గుడ్డకు మీగడ రంగు అంటుకునేది. అంటే తుడిచిన ప్రతిసారీ కారు కొంచెం తరిగేదన్నమాట. అందుకే తాత ఆ గుడ్డను ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. మా నాన్నకు కూడా ఇవ్వలేదు. ఎప్పటికైనా నాకిస్తాడని ఎదురుచూస్తూ నాకు పదకొండేళ్ళు వచ్చాయి. ఆ ఎండాకాలం దాన్ని తీసి మా వదిన చేతికిచ్చాడు.

వదిన అంటే జమ్మలమడుగులో ఉండే మా మేనత్త కూతురు. నాకంటే రెండేళ్ళు పెద్ద. సెలవులకు వాళ్ళమ్మతో వచ్చిన రోజే కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, తాతను ఏవేవో అడిగింది. మర్నాటి నుంచి పాత బనియన్ చింపి చేసిన ఆ మెత్తటి గుడ్డ ఆమెది, టైర్లు తోమే బ్రష్షు నాది.

ఆ నెలంతా నేను ఓర్చుకోలేకపోయినవి ఇవి. తాత ఆమె చెయ్యి పట్టుకుని, గుడ్డ మీద ఎంత బరువు పెట్టాలో చూపించడం. వచ్చినవాళ్ళందరికీ "ఈ బిడ్డ చెయ్యి శానా తేలిక" అని చెప్పడం. ఆమె దగ్గరుంటే కారు తాళాలు తీసి స్టూలు మీద పెట్టడం, నేను దగ్గరికి పోతే మళ్ళీ జేబులో వేసుకోవడం. అన్నిటికంటే ఎక్కువగా, ఆమె నిజంగానే ఆ పని బాగా చెయ్యడం.

మా బోరు నీళ్ళు ఉప్పునీళ్ళు. చుక్క పడి ఆరితే రంగు మీద తెల్లటి వలయం మిగిలేది. దానికి నిమ్మరసంలో తాగేనీళ్ళు కలిపి అద్ది, వెంటనే కడిగేయాలి. కలమల్ల వైపు పోయి వస్తే కరెంటు ఫ్యాక్టరీ బూడిద పడేది. పొడిగుడ్డ తగిలితే గీతలు పడతాయి కాబట్టి ముందు నీళ్ళు వదలాలి. పులివెందుల చుట్టాలు అరటి గెలలు తెచ్చి డిక్కీ మీద ఆనిస్తే జిగురు కారి నల్లగా అంటుకునేది. దానికి కొబ్బరినూనె రాసి, కాసేపు నానబెట్టాలి. ఏ మరకకైనా ముందు మెత్తని మందు, అది చాలకపోతేనే ఇంకొకటి. తాత ఆమెకు చెప్తుంటే ఇవన్నీ నేను టైర్ల దగ్గర కూర్చుని వినేవాణ్ణి. పాఠం ఇద్దరికీ వచ్చింది, గుడ్డ మాత్రం ఆమెకే వచ్చింది.

ఒక్క మరక మిగిలింది. బానెట్ మీద, అద్దానికి జానెడు ఇవతల, అర్ధరూపాయి బిళ్ళంత ఎర్రటి మరక. వదిన రోజూ బానెట్ అంతా తుడుచుకుంటూ వచ్చి, సరిగ్గా దాని దగ్గరికి రాగానే గుడ్డను పక్కకు తిప్పేసేది. అది ఆమెకు లొంగలేదని నేను తేల్చుకున్నాను. దాన్ని చూసినప్పుడల్లా నా కడుపు చల్లబడేది.

ఆ సెలవుల చివర్లో పులివెందులలో మా చిన్నతాత మనవరాలి పెళ్ళి వచ్చింది. మావైపు ఆడపిల్లలందరూ పెళ్ళికూతుళ్ళుగా ఆ కారులోనే మండపానికి పోయారు. తాత నడుపుతాడు, పెళ్ళికూతురు వెనక కూర్చుంటుంది. ఆయన పక్కన ఎవరు కూర్చుంటారన్నదే నాకు సమస్య. పెళ్ళి ఇంక మూడు రోజులుందనగా తాత అన్నం తింటూ, "కారును తయారు చేసినోళ్ళకే ముందు సీటు" అన్నాడు. వదిన వైపు చూసి అన్నాడు.

మర్నాటి మధ్యాహ్నం తాత కునుకు తీస్తున్నాడు. అత్తా వదినా రవికె గుడ్డలకు బజారుకు పోయారు. మా అమ్మ ఇత్తడి బిందెలు తోమడం నేను రోజూ చూసేవాణ్ణి. చింతపండు, బూడిద, కొబ్బరిపీచు పెట్టి తోమితే ఎంత నల్లబడిన బిందె అయినా బంగారంలా తేలేది. ఆ మూడూ తీసుకుని బానెట్ దగ్గరికి పోయాను. వదిన వల్ల కాని మరకను పోగొట్టి, ముందు సీట్లో కూర్చోవడమే నా పథకం.

మరక తొందరగానే పలచబడింది. ఇంకొంచెం రుద్దాను. ఎరుపు మళ్ళీ కనిపించింది. మరక లోతుకు పోయిందనుకుని ఇంకా గట్టిగా రుద్దాను. ఎంత రుద్దితే అంత ఎరుపు, పైగా పెద్దదవుతూ వచ్చింది. కంపెనీ రంగు కింద ఇనుముకు ఎర్ర ప్రైమర్ పూస్తారన్న సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాత పాలిటెక్నిక్‌లో చెప్పారు. ఆ రోజు నేను రుద్దుతున్నది మరకను కాదు, అది ఎప్పుడో పోయింది. చివరికి ఆ ఎరుపు కూడా పోయి, అరచేయంత మేర తెల్లటి ఇనుము బయటపడింది.

"రేయ్, ఏం చేస్తాండావురా ఆడ?" వదిన గొంతు వెనక నుంచి వినిపించింది.

"నీతో కానిది నేను చేస్తాండా. చూడు."

ఆమె వచ్చి చూసింది. చేతిలో సంచి కింద పెట్టడం కూడా మరిచిపోయి అట్లాగే నిలబడింది. "అది అవ్వ పెట్టిన బొట్టురా" అంది.

కారు ఇంటికొచ్చిన రోజు మా అవ్వ నూనెలో కుంకుమ కలిపి బానెట్ మీద బొట్టు పెట్టిందట. కారు రోజంతా ఎండలో నిలబడేసరికి ఆ ఎరుపు రంగులోకి ఇంకిపోయింది. మరుసటి ఉగాదికి అవ్వ లేదు. నేను ఇంకా పుట్టలేదు. అప్పటి నుంచి తాత ఆ బొట్టు చుట్టూ తుడుస్తున్నాడే గానీ దాని మీద గుడ్డ పెట్టలేదు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"నువ్వెప్పుడన్నా అడిగితివా? నేను వచ్చినరోజే అడిగినా, ఇదేంది తాతా అని."

ఉన్నది ఉన్నట్టు రాయాలి. ఆ క్షణంలో నన్ను కాల్చింది నేను చేసిన పని కాదు. పదకొండేళ్ళు అదే ఇంట్లో ఉన్న నాకు తెలియనిది, మూటతో దిగిన రోజే ఆమెకు తెలిసిందన్న సంగతి.

తాత లేచి వచ్చాడు. ఇనుము మీద చూపుడువేలు పెట్టి, చాలాసేపు తియ్యలేదు. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఎండ తగలకుండా తన భుజం మీది తువ్వాలు దాని మీద కప్పి లోపలికి పోయాడు. ఆయన రెండు దెబ్బలు వేసి ఉంటే నేను ఆ రాత్రి అన్నం తినేవాణ్ణి.

పొద్దున్నే నన్ను ఎక్కించుకుని మా వీధి చివర రంగులు కొట్టే షెడ్డుకు తీసుకుపోయాడు. ఆ షెడ్డు భాయ్‌కి మా కారు తన సొంతబిడ్డలాంటిది. వంగి చూసి, "దేంతో రుద్దినావు నాయనా?" అని నన్నడిగాడు. చెప్పాను. "చింతపండా! ఇంకా నయం, తిరగమాత వెయ్యలేదు" అన్నాడు. తాత నవ్వలేదు.

"ఈ ఒక్కచోటే కొడితే పుండు మీద పట్టీ వేసినట్ల ఉంటాదన్నా. కొడితే బానెట్ మొత్తం కొట్టాల" అన్నాడు భాయ్.

"మొత్తం కొడితే వీళ్ళవ్వ చెయ్యి పడిన తావే లేకుండా పోతాది భాయ్. తుప్పు పట్టకుండా ఉత్త వార్నిష్ పూయి, చాలు. రంగు వద్దు."

ఇంటికి వచ్చాక తాత నా బడి నోటుబుక్కుల్లో ఖాళీ పేజీలున్నది ఒకటి తెమ్మన్నాడు. "కారు మీద ఎన్ని మచ్చలుండాయో అన్నీ రాయి. యాడుంది, దేంది, ఎవరిది. నన్నడుగు, చెప్తా." ఆ పని సాయంత్రం దాకా పట్టింది. ఎడమ తలుపు మీది వంకర గీత మా నాన్న సైకిలు నేర్చుకునేటప్పటిది. వెనక పిడి కింద మాసిన పసుపు మా మేనత్త పెళ్ళికూతురుగా తలుపు తెరిచినప్పటిది. పైకప్పు మీద తెల్లటి వలయం ఒకటుంది. నేను పుట్టిన రోజు ఆసుపత్రి బయట తాత కాఫీ గ్లాసు కారు మీద పెట్టి, కబురు విని లోపలికి పరిగెత్తి, గ్లాసును మరిచిపోయాడట. నేను రోజూ చూసి మురికి అనుకున్నది అదే.

మొత్తం పదిహేడు వచ్చాయి. పదిహేడోది తాత చెప్పి రాయించాడు. "బానెట్. మొదట మీ అవ్వ, కుంకుమ, నూనె. దాని మీద మనవడు, చింతపండు, బూడిద, కొబ్బరిపీచు. వయసు పదకొండు."

పెళ్ళికి ముందు సీట్లో వదినే కూర్చుంది. నేను వెనక, పెళ్ళికూతురి చీర నలగకుండా తలుపుకు అతుక్కుని కూర్చున్నాను. మండపం ముందు ఆగగానే పెళ్ళికూతురి మేనమామ బానెట్ చూసి, "ఏంది మామా, పెళ్ళికారుకు ఈ గుండు? మా పెయింటర్ ఉండాడు, గంటలో కొట్టిస్తా" అన్నాడు.

తాత కిటికీలో నుంచి తల బయటపెట్టి, "వద్దప్పా. మావాడు పెట్టిన బొట్టు అది" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ముందు సీట్లో నుంచి వదిన తిరిగి నా వైపు చూసింది. ఆమె నవ్వలేదు. ఆ ముఖం నాకు బాగా తెలుసు. నెల రోజులు నేను పెట్టుకుని తిరిగిన ముఖమే అది. అంత తేలిక చేత్తో అంత జాగ్రత్తగా తుడిచిన ఆమె గుర్తు ఆ కారు మీద ఒక్కటి కూడా లేదు.

ఇప్పుడు నేను ఇనుము మీద పూతల మందం కొలిచే ఉద్యోగం చేస్తున్నాను. ఏ మరక కనిపించినా, చెయ్యి వేసేముందు ఇదెవరిదని అడిగే అలవాటు నాకు ఆ నోటుబుక్కు నుంచే వచ్చింది. తాత పోతూ కారు వదినకిచ్చాడు, నోటుబుక్కు నాకు వదిలాడు. కారు ఆమెకే చెందాలని నా బుద్ధికి తెలుసు. అయినా జమ్మలమడుగులో ఆమె ఇంటి ముందు ఆ కారు కనిపిస్తే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. నేను పోయిన ప్రతిసారీ ఆమె నోటుబుక్కు అడుగుతుంది, నేను ప్రతిసారీ ఇవ్వను.

మొన్న నేరేడుపళ్ళ కాలంలో పోయాను. వెనక తలుపు మీద ఊదారంగులో ఐదు చిన్న వేళ్ళ అచ్చు ఉంది. "ఇదెవరిది వదినా?" అని అడిగాను. "మా చిన్నదానిది. రాసుకో" అంది. సంచిలోని నోటుబుక్కు తీసి, పద్దెనిమిది అని వేసి రాసుకున్నాను. నేను రాస్తుంటే ఆమె మెడ సాచి, పాత పేజీల్లోకి తొంగి చూసింది.

ఆ నోటుబుక్కు చివర్లో ఇంకొక పేజీ ఉంది. పులివెందుల నుంచి వచ్చిన రాత్రి నేను సొంతంగా రాసినది. తాతకు చూపించాను గానీ ఆమెకు ఎన్నడూ చూపించలేదు. "కారు మీద లేనివి" అని పైన పెట్టి, బోరు నీళ్ళ వలయాలు, కలమల్ల బూడిద, అరటి జిగురు, తారు చుక్కలు అన్నీ వరుసగా రాశాను. కింద ఒకే ఒక్క మాట ఉంది: "పోగొట్టింది వదిన." ఆ పేజీ తెరిచి నోటుబుక్కు ఆమె చేతికిచ్చాను. ఆమె చదువుతున్నంతసేపూ నేను కారు వైపు చూస్తూ నిలబడ్డాను. ఆ కారు నాకు ఇంకా కావాలనే ఉంది.